మూడు సిలిండర్ల మీద మోపిన నింద

కారు ఇంజిన్‌లో సిలిండర్లు మూడే అయితే అది నాసిరకం ఇంజిన్ అన్న అభిప్రాయం మన కార్ల మార్కెట్లో గట్టిగా పాతుకుపోయింది. షోరూముల్లో, మెకానిక్ షెడ్లలో, సెకండ్ హ్యాండ్ బేరాల దగ్గర ఇదే మాట రకరకాలుగా వినిపిస్తుంది. మూడు సిలిండర్ల బండికి పికప్ ఉండదంటారు. ఘాట్ రోడ్డు మీద మొరాయిస్తుందంటారు. వణుకుతుందంటారు. లక్ష కిలోమీటర్లు దాటకముందే ఇంజిన్ దింపాల్సి వస్తుందంటారు. ఖర్చు మిగుల్చుకోవడానికి కంపెనీ ఒక సిలిండర్ కోసేసిందంటారు. 2024 మే నెలలో మారుతి స్విఫ్ట్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను వదిలి మూడు సిలిండర్ల ఇంజిన్‌తో మార్కెట్లోకి వచ్చినప్పుడు ఈ మాటలన్నీ ఒక్కసారిగా మళ్లీ లేచాయి. వీటిలో వణుకు సంగతి సగం నిజం. ఖర్చు సంగతి నిజమే, కానీ అది నేరం కాదు. మిగిలిన మూడు మాటలకూ ఆధారం లేదు.

ముందుగా శక్తి సంగతి. సిలిండర్ అంటే గాలి, పెట్రోలు కలిసి మండే గది. ఆ మంట పిస్టన్‌ను కిందికి నెడుతుంది, పిస్టన్ క్రాంక్‌ను తిప్పుతుంది. ఇంజిన్ ఎంత శక్తి ఇస్తుందన్నది నిమిషానికి అది ఎంత గాలిని మింగి ఎంత ఇంధనాన్ని కాల్చగలదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ గాలి లెక్క మూడు విషయాల మీద నడుస్తుంది: గదులన్నీ కలిపి ఎన్ని సీసీలు, క్రాంక్ ఎంత వేగంగా తిరుగుతుంది, గాలి మామూలు ఒత్తిడితో వస్తుందా లేక టర్బో దాన్ని కుక్కి పంపుతుందా. ఆ మొత్తాన్ని ఎన్ని గదులుగా విభజించారన్నది ఈ లెక్కలో నేరుగా కనిపించదు. 1,200 సీసీలను నాలుగు 300లుగా పంచినా, మూడు 400లుగా పంచినా మింగే గాలి 1,200 సీసీలే.

దీనికి రుజువు తెలుగు నేల మీదే తయారవుతోంది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఉన్న కియా కర్మాగారం నుంచి 2020లో సోనెట్ కారు మార్కెట్లోకి వచ్చింది. ఆ ఒకే కారులో రెండు పెట్రోలు ఇంజిన్లు ఇచ్చారు. ఒకటి నాలుగు సిలిండర్ల 1,197 సీసీ ఇంజిన్: 83 హార్స్‌పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. రెండోది మూడు సిలిండర్ల 998 సీసీ టర్బో ఇంజిన్: 120 హార్స్‌పవర్, 172 న్యూటన్ మీటర్ల టార్క్. ఒక సిలిండర్, దాదాపు 200 సీసీలు తక్కువ ఉన్న ఇంజిన్ సగానికి సగం ఎక్కువ టార్క్ ఇస్తోంది. కంపెనీ ఎక్కువ ధరకు అమ్మేదీ దాన్నే. తేడా తెచ్చింది టర్బో గనుక ఈ పోలిక చెల్లదని కొందరు అంటారు. ఆ అభ్యంతరమే అసలు విషయాన్ని ఒప్పుకుంటోంది. శక్తిని నిర్ణయించింది గాలి ఒత్తిడి, గదుల సంఖ్య కాదు.

టర్బో లేని పాత రోజుల లెక్క తీసుకున్నా ఫలితం మారదు. అంబాసిడర్‌లో 1,489 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిన్ సుమారు 50 హార్స్‌పవర్ ఇచ్చేది. మారుతి 800లో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్ తొలి రోజుల్లో 37 దాకా ఇచ్చేది. లీటరుకు ఎంత అని చూస్తే మొదటిది 34 దగ్గర ఆగింది, రెండోది 46 దాటింది. పైగా ఆ చిన్న కారు బరువు చాలా తక్కువ. పికప్ అన్న మాటకు అర్థం ఇంజిన్ శక్తిని బండి బరువుతో పోల్చి చూడడమే. ఆ లెక్కలో మారుతి 800 ఆ అంబాసిడర్‌కు తీసిపోలేదు.

ఘాట్ రోడ్డు మాట కూడా ఇలాగే తేలిపోతుంది. ఎత్తు ఎక్కించేది చక్రాలకు అందే టార్క్. దాన్ని ఇంజిన్, గేర్లు కలిసి నిర్ణయిస్తాయి. తిరుమల ఘాట్‌లో, శ్రీశైలం మలుపుల్లో బండి మొరాయించిందంటే సాధారణంగా కారణం తక్కువ సీసీ, నిండా జనం, నడుస్తున్న ఏసీ, పై గేరు వదలని డ్రైవర్. 800 సీసీల ఇంజిన్‌ను నాలుగు సిలిండర్లుగా విడగొట్టి పెట్టినా అదే మలుపులో అదే ఇబ్బంది పడుతుంది. నిజానికి ఒక్కో గది పెద్దదై, పిస్టన్ ప్రయాణం పొడవైన ఇంజిన్‌ను తక్కువ వేగంలోనే మంచి టార్క్ ఇచ్చేలా మలచడం తేలిక.

ఎక్కువ సిలిండర్లు అంటే ఎక్కువ శక్తి అన్న సూత్రానికి ఎదురు నిలిచే అతి పెద్ద ఉదాహరణ అమెరికాది. 1976 నాటి క్యాడిలాక్ ఎల్డొరాడోలో ఎనిమిది సిలిండర్లు, 8.2 లీటర్లు ఉన్నా వచ్చిన శక్తి 190 హార్స్‌పవర్. కాలుష్య నియమాలు, సీసం లేని పెట్రోలు, తగ్గించిన కంప్రెషన్ దాన్ని అక్కడికి దించాయి. 2020లో టొయోటా తెచ్చిన జీఆర్ యారిస్ ఇంజిన్ 1.6 లీటర్లది, సిలిండర్లు మూడు, శక్తి 260 హార్స్‌పవర్ పైమాటే. ర్యాలీ పోటీలకు పునాదిగా వాడుకోవాలని కట్టిన కారు అది. పోటీ కోసం ఇంజిన్ ఎంచుకునే ఇంజనీర్లు నాసిరకాన్ని ఏరుకోరు.

మరి సిలిండర్ల సంఖ్యకు ఇంత గౌరవం ఎలా వచ్చింది? దానికి ఒకప్పుడు నిజమైన కారణమే ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పెట్రోలు నాణ్యత తక్కువ. కంప్రెషన్ కాస్త పెంచితే ఇంజిన్ నాకింగ్ కొట్టేది. ఇనుప పిస్టన్లు బరువుగా ఉండి వేగంగా తిరగనిచ్చేవి కావు. శక్తి కావాలంటే సీసీలు పెంచడమే దారి. సీసీలు పెరిగేకొద్దీ ఒక్కో గది మరీ పెద్దదైపోతుంది కాబట్టి గదుల సంఖ్య పెంచాల్సి వచ్చింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ కనిపించే నిజాం పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఈ కాలానిదే. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైగా సామర్థ్యం. 1930లో క్యాడిలాక్ పదహారు సిలిండర్ల కారునే అమ్మకానికి పెట్టింది. సిలిండర్లు ఎన్ని అని అడిగితే ఇంజిన్ ఎంత పెద్దదో, కారు ఎంత ఖరీదైనదో, అందులో కూర్చున్నది ఎవరో ఒకే జవాబులో తెలిసిపోయేది. మన దేశంలో ఆరు, ఎనిమిది రాజులకూ జమీందార్లకూ చెందాయి. నాలుగు అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి చెందింది. అన్నింటికంటే చౌకైన కారుతో వచ్చింది గనుక మూడు అనే అంకెకు చవక అన్న ముద్ర పడింది. ఆ ముద్ర వేసింది ధరల పట్టిక. ఇంజనీరింగ్‌కు అందులో పాత్ర లేదు.

సంఖ్యను వెంటాడడం ఎంత దూరం తీసుకెళ్తుందో 1966 నాటి ఫార్ములా వన్ చూపించింది. ఆ ఏడాది ఇంజిన్ పరిమితి మూడు లీటర్లకు పెరిగింది. బ్రిటన్‌కు చెందిన బీఆర్ఎం సంస్థ రెండు చదునైన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లను ఒకదాని మీద ఒకటి పేర్చి, రెండు క్రాంక్‌లతో పదహారు సిలిండర్ల ఇంజిన్ తయారుచేసింది. అది బరువైపోయింది, మాటిమాటికీ చెడిపోయింది. దాని జీవితంలో ఒకే ఒక్క గ్రాండ్ ప్రి గెలుపు దక్కింది. అదీ సొంత కారులో కాదు, జిమ్ క్లార్క్ నడిపిన లోటస్‌లో, అమెరికాలో. అదే ఏడాది జాక్ బ్రాభమ్ ప్రపంచ చాంపియన్ అయిన కారులో ఉన్నది మామూలు అమెరికన్ కారు ఇంజిన్ దిమ్మ నుంచి మలచిన సాదాసీదా ఎనిమిది సిలిండర్ల రెప్కో ఇంజిన్. 1983లో నెల్సన్ పికే టర్బో ఇంజిన్‌తో గెలిచిన తొలి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆయన వెనక ఉన్న 1.5 లీటర్ల బీఎండబ్ల్యూ ఇంజిన్‌లో నాలుగే సిలిండర్లు. అప్పట్లో దాన్ని ఓడించలేకపోయిన వాటిలో ఆరు సిలిండర్లవీ ఎనిమిది సిలిండర్లవీ ఉన్నాయి.

ఇక వణుకు. ఈ ఆరోపణను ఓపికగా చూడాలి, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది, ఆ కొంత నిజం చుట్టూ చాలా అబద్ధం పేరుకుంది. మూడు వణుకుతుంది, నాలుగు వణకదు అన్నది జనం నమ్మే మాట. వాస్తవంలో రెండూ వణుకుతాయి. వణికే తీరు వేరు.

నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో రెండు పిస్టన్లు పైకి పోతుంటే రెండు కిందికి వస్తాయి. చూడడానికి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ పక్కకు వాలుతూ తిరుగుతుంది గనుక, పిస్టన్ తన ప్రయాణంలో పై సగాన్ని వేగంగా, కింది సగాన్ని కాస్త నెమ్మదిగా దాటుతుంది. అందువల్ల పైకి పోయే జంట, కిందికి వచ్చే జంట ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకోలేవు. మిగిలిపోయిన బలం క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఇంజిన్‌ను పైకీ కిందికీ కుదుపుతుంది. నాలుగు పిస్టన్ల మిగులూ ఒకే దిక్కున కలుస్తుంది. వేగం రెట్టింపైతే ఈ కుదుపు నాలుగింతలవుతుంది. రెండు లీటర్లు దాటిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను బాగా తిప్పినప్పుడు వచ్చే ఆ బుస లాంటి ప్రకంపన ఇదే. బ్రిటిష్ ఇంజనీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ దీన్ని ఎప్పుడో గుర్తించి మందు కూడా చెప్పాడు: క్రాంక్‌కు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు బరువు షాఫ్టులు. 1970ల మధ్యలో మిత్సుబిషీ ఆ ఆలోచనకు కొత్త రూపమిచ్చి సైలెంట్ షాఫ్ట్ పేరుతో అమ్మింది. పోర్షే తన 944 కారు కోసం ఆ పేటెంటును అద్దెకు తీసుకుంది. నాలుగు సిలిండర్లు సహజంగానే నిశ్చలమైతే పోర్షే ఆ డబ్బు కట్టాల్సిన పనే ఉండేది కాదు.

మూడు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ పిన్నులు 120 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఒక చుట్టుకు ఒకసారి వచ్చే కుదుపు, రెండుసార్లు వచ్చే కుదుపు రెండూ మూడు పిస్టన్ల మధ్య పూర్తిగా రద్దయిపోతాయి. ఈ విషయంలో నాలుగు కంటే మూడే మేలు. అయితే మొదటి పిస్టన్, మూడో పిస్టన్ ఇంజిన్ రెండు కొసల్లో ఉండి వేర్వేరు క్షణాల్లో లాగుతాయి కాబట్టి ఇంజిన్ కొసలు ఒకటి లేస్తే ఒకటి వంగుతాయి. కావడి మోసేవాడి భుజం మీద బరువు మారకపోయినా, నడకకు కావడి కొసలు ఊగుతాయి కదా, అలాంటి ఊపు ఇది. దీనికి మందు క్రాంక్ వేగంతోనే ఎదురు తిరిగే ఒక్క షాఫ్ట్. 1977లో జపాన్‌లో వచ్చిన డైహాట్సు షరేడ్ కారులోని ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజిన్‌లోనే అలాంటి షాఫ్ట్ ఉంది. ఫోర్డ్ తన ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజిన్‌లో షాఫ్ట్ కూడా పెట్టకుండా, ఫ్లైవీల్‌ను, ముందు పుల్లీని కావాలనే అసమానంగా చేసి, ఆ ఊపును ఇంజిన్ మౌంటింగులు తేలిగ్గా మింగే దిక్కుకు మళ్లించింది. ఆ ఇంజిన్‌కే 2012, 2013, 2014 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు అంతర్జాతీయ ఉత్తమ ఇంజిన్ పురస్కారం దక్కింది.

ఇక్కడ మూడును తక్కువచేసేవారు గమనించని ఒక విషయముంది. కార్ల ప్రపంచంలో అత్యంత మృదువైన ఇంజిన్‌గా పేరున్నది ఆరు సిలిండర్ల వరుస ఇంజిన్. బీఎండబ్ల్యూ ప్రతిష్ఠకు అదే పునాది. ఆ ఆరు సిలిండర్లూ నిజానికి వీపు వీపు ఆనించి నిలబెట్టిన మూడేసి సిలిండర్ల ఇంజిన్లు రెండు. ఒకదాని ఊపును అద్దంలో బింబంలా రెండోది రద్దు చేస్తుంది. పన్నెండు సిలిండర్ల వీ ఇంజిన్ అంటే అలాంటి ఆరు సిలిండర్ల వరుసలు రెండు. అంటే రోల్స్‌రాయిస్, ఫెరారీ కార్లలో జనం మెచ్చుకునే ఆ మార్దవానికి మూల ఇటుక మూడు సిలిండర్ల వరుసే. ఇక ఖరీదైన కార్లలో కనిపించే వీ6లో రెండు పక్కలా ఉన్నవి మూడేసి సిలిండర్లే, అక్కడ వాటి ఊపు పూర్తిగా రద్దు కూడా కాదు. మెర్సిడెస్ 1990ల చివర్లో 90 డిగ్రీల వీ6 తెచ్చినప్పుడు దానికీ బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టక తప్పలేదు. అయినా వీ6ను ఎవరూ నాసిరకం అనరు.

సంఖ్య మారకుండా నడత మాత్రమే మారిన సందర్భం ఇంకా స్పష్టంగా చెబుతుంది. క్యాడిలాక్ 1914లో తెచ్చిన ఎనిమిది సిలిండర్ల వీ ఇంజిన్ క్రాంక్ ఒకే తలంలో చదునుగా ఉండేది. అది నాలుగేసి సిలిండర్ల ఇంజిన్ల జంట గనుక వాటి కుదుపును వారసత్వంగా తెచ్చుకుంది. 1923లో అదే కంపెనీ క్రాంక్ పిన్నులను 90 డిగ్రీల తేడాతో నాలుగు దిక్కులకూ తిప్పి, బరువులు సరిచూసి పెట్టింది. సిలిండర్లు ఎనిమిదే. కుదుపు మాయమైంది. ఇంజిన్ నడతను తీర్చేవి క్రాంక్ ఆకారం, సిలిండర్ల అమరిక, బరువుల తూకం, మౌంటింగులు.

వణుకులో సగం నిజం అన్నది ఎక్కడంటే, ఐడ్లింగ్ దగ్గర, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లయితే సెకనుకు దాదాపు 27 మంటలు, మూడయితే 20. మంటకూ మంటకూ మధ్య విరామం ఎక్కువ కాబట్టి ప్రతి తోపూ విడివిడిగా తెలుస్తుంది. ఆ 20 అన్న లెక్క కారు బాడీ, సీట్లు, స్టీరింగ్ తేలిగ్గా అందుకునే ప్రకంపనలకు దగ్గరగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగినప్పుడు స్టీరింగ్‌లో, గేర్ రాడ్‌లో తెలిసే ఆ వణుకు ఊహ కాదు. దాన్ని కాదనడం నిజాయితీ కాదు. అయితే మంచి హైడ్రాలిక్ మౌంటింగులు, సరైన బరువున్న ఫ్లైవీల్, కాస్త పెంచిన ఐడ్లింగ్ వేగం దాన్ని చాలావరకు మింగేస్తాయి. ఒకే సంఖ్యలో సిలిండర్లున్న రెండు కంపెనీల కార్లలో ఒకటి నిలకడగా, ఒకటి గడగడలాడుతూ ఉండడానికి కారణం ఈ వస్తువుల మీద పెట్టిన ఖర్చులో తేడా. కొనేవారి కోపం అటు మళ్లాలి.

మన్నిక మీద వేసిన నింద అన్నింటికంటే అన్యాయమైనది, ఎందుకంటే దాన్ని ఖండించే సాక్ష్యం తెలుగు పల్లెల్లో ప్రతి పొలం గట్టునా నిలబడి ఉంది. మాసీ ఫెర్గూసన్ 241, స్వరాజ్ 744, 55 హార్స్‌పవర్ జాన్ డీర్ 5310 — వీటన్నింటిలో ఉన్నవి మూడు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లే. గోదావరి డెల్టాలో బురదలో కేజ్ వీల్స్‌తో దమ్ము చేసే ట్రాక్టర్, తెలంగాణలో దుక్కి దున్ని సాయంత్రానికి ధాన్యం ట్రాలీ లాగే ట్రాక్టర్, గంటల తరబడి నిండు బరువు మీద నడుస్తాయి. ఏ కారు ఇంజిన్‌కూ జీవితంలో అంత శ్రమ ఉండదు. ట్రాక్టర్ ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, మందమైన దిమ్మతో కడతారు, అందుకే మన్నుతుంది అని ఎవరైనా బదులిస్తే, ఆ బదులు సరైనదే. మన్నికను తేల్చేవి అవే: దిమ్మ, బేరింగులు, తిరిగే వేగం, నూనె, చల్లదనం. వాటిలో సిలిండర్ల సంఖ్య లేదు.

ఊళ్లలో అందరికీ తెలిసిన బొలేరో కథ కూడా ఇదే. ఒకప్పుడు దానిలో 2,523 సీసీల నాలుగు సిలిండర్ల డీజిల్ ఉండేది. 2016లో పవర్ ప్లస్ పేరుతో వచ్చిన రకంలో 1,493 సీసీల మూడు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. టార్క్ తగ్గలేదు, శక్తి కాస్త పెరిగింది. మట్టి రోడ్ల మీద, ఓవర్‌లోడ్ కింద బొలేరోకున్న మొండి బండి అన్న పేరు ఆ తర్వాతా చెడలేదు. మారుతి 800 సంగతి చెప్పనే అక్కర్లేదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా మూడు దశాబ్దాలు తయారైన ఆ కారు ఏ తరంలోనూ నాలుగో సిలిండర్ చూడలేదు.

కొత్త ఇంజిన్ల మీద ఒక సాంకేతిక అభ్యంతరం మాత్రం వినదగ్గది. స్విఫ్ట్ పాత ఇంజిన్‌లో పిస్టన్ ప్రయాణం 71.5 మిల్లీమీటర్లు, కొత్త మూడు సిలిండర్ల ఇంజిన్‌లో 92.8. ఒక్కో చుట్టుకు పిస్టన్ ఎక్కువ దూరం పరుగెత్తాలి కాబట్టి గరిష్ఠ శక్తి దగ్గర దాని సగటు వేగం సెకనుకు సుమారు 14 మీటర్ల నుంచి 17 దాటింది. అరుగుదల పెరగదా అన్నది ప్రశ్న. ఇరవై మీటర్ల దగ్గర నమ్మకంగా నడిచే కారు ఇంజిన్లు ఎన్నో ఉన్నాయి. రోజువారీ ప్రయాణంలో నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర ఈ వేగం ఆరు మీటర్లే. పైగా ఇది పొడవు ఎంపిక, సంఖ్య ఎంపిక కాదు. మారుతి 800లో మూడు సిలిండర్లతోనే పిస్టన్ ప్రయాణం 72 మిల్లీమీటర్లు.

మూడు సిలిండర్ల ఇంజిన్లు నిజంగా చెడిపోయిన సందర్భాలు లేకపోలేదు. యూరప్‌లో ఫోర్డ్ ఎకోబూస్ట్, ప్యుజో, సిట్రోయెన్ కార్లలోని ప్యూర్‌టెక్ ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్‌ను నూనెలో తడుస్తూ తిరిగేలా పెట్టారు. కాలక్రమంలో ఆ రబ్బరు పొరలు పొరలుగా రాలి నూనె దారిని మూసేసిన ఇంజిన్లు చాలా ఉన్నాయి. యజమానుల నష్టం నిజం, వారి ఆగ్రహం న్యాయం. కానీ అదే రకం తడి బెల్ట్ పెట్టిన ఫోర్డ్ రెండు లీటర్ల డీజిల్‌లో నాలుగు సిలిండర్లున్నాయి, అక్కడా అదే గోడు. మారుతి కే సిరీస్, హ్యుందాయ్ కప్పా మూడు సిలిండర్ల ఇంజిన్లలో ఉన్నది ఇనుప చైను. తప్పు బెల్ట్‌ది. తప్పును సిలిండర్ల సంఖ్య మీద వేస్తే బెల్ట్ పెట్టినవారు తప్పించుకుంటారు.

ఇక ఖర్చు. ఒక సిలిండర్ తగ్గితే ఒక పిస్టన్, ఒక కనెక్టింగ్ రాడ్, నాలుగు వాల్వులు, ఒక ఇంజెక్టర్, ఒక ప్లగ్గు తగ్గుతాయి. కంపెనీకి డబ్బు మిగులుతుంది, నిజం. సర్వీసులో మార్చే ప్లగ్గులు, ఎప్పుడైనా ఇంజిన్ దింపితే వేయాల్సిన రింగులు యజమానికీ తగ్గుతాయి. అంతకంటే ముఖ్యమైన లాభం మరోచోట ఉంది. క్రాంక్‌ను మోసే మెయిన్ బేరింగులు ఐదు నుంచి నాలుగుకు తగ్గుతాయి, గోడలకు రాసుకునే రింగులు తగ్గుతాయి. ఒకే సీసీలను మూడు పెద్ద గదులుగా పంచినప్పటి గోడల వైశాల్యంతో పోలిస్తే, అదే ఆకారంలో నాలుగు చిన్న గదులుగా పంచినప్పుడు వైశాల్యం దాదాపు 10 శాతం ఎక్కువ. గోడ ఎంత ఎక్కువైతే మంట వేడి అంత ఎక్కువగా రేడియేటర్ పాలవుతుంది. టర్బో ఉంటే ఇంకొక మేలు. నాలుగు సిలిండర్లలో 180 డిగ్రీలకొకసారి పొగ వెళ్తుంది, ఎగ్జాస్ట్ వాల్వు అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి ఒక సిలిండర్ పొగ ఇంకొక సిలిండర్‌కు అడ్డుపడుతుంది. దాన్ని విడదీయడానికి రెండు దారుల ఖరీదైన టర్బో కావాలి. మూడింట్లో 240 డిగ్రీల ఎడం ఉంటుంది గనుక పొగలు పెద్దగా కలబడవు.

స్విఫ్ట్‌లో ఈ లెక్క ఎలా తేలిందో అంకెల్లోనే ఉంది. శక్తి 90 హార్స్‌పవర్ నుంచి 82కు తగ్గింది, టార్క్ ఒక న్యూటన్ మీటర్ తగ్గింది. కంపెనీ చెప్పిన మైలేజీ మాన్యువల్ గేర్ల కారులో లీటరుకు 22.38 నుంచి 24.80 కిలోమీటర్లకు పెరిగింది. ఆ పెరుగుదల మొత్తం సిలిండర్ తగ్గించినందుకే వచ్చిందనలేం, కంప్రెషన్, మంట వేగం కూడా మార్చారు. అలాగే ఆ ఎనిమిది హార్స్‌పవర్ నష్టాన్నీ సిలిండర్ మీదకు తోయలేం. అది మైలేజీ వైపు మొగ్గిన ట్యూనింగ్. శక్తి తగ్గిందని బాధపడే కొనుగోలుదారు ఆ ట్యూనింగ్‌ను తప్పుపట్టవచ్చు, ధర తగ్గించలేదేమని నిలదీయవచ్చు. ఆ రెండూ సరైన ఫిర్యాదులు.

పన్నుల పాత్ర కూడా ఇందులో ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలయితే 1,200, డీజిలయితే 1,500 సీసీల లోపు ఇంజిన్ ఉన్న కారును మన ప్రభుత్వం చిన్న కారుగా లెక్కిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి కారుపై జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40. ఈ గీత లోపల ఇమిడే ఇంజిన్‌ను ఎన్ని గదులుగా విభజించాలన్నది ఇంజనీర్ల ముందున్న ప్రశ్న. ఒక్కో గది 400 నుంచి 500 సీసీల దగ్గర ఉంటే వేడి, రాపిడి, మంట వేగం మూడూ సమంగా కుదురుతాయి. బీఎండబ్ల్యూ ఒక్కో గదికి దాదాపు 500 సీసీల చొప్పున 1.5 లీటర్లకు మూడు, రెండు లీటర్లకు నాలుగు, మూడు లీటర్లకు ఆరు సిలిండర్ల ఇంజిన్లు కడుతోంది. ఆ లెక్కన 1,200 సీసీలకు మూడే సహజమైన సంఖ్య. 300 సీసీల గదులు నాలుగు పెట్టడమే నిజానికి సంజాయిషీ అడగాల్సిన ఎంపిక.

అంత మాత్రాన తగ్గించేకొద్దీ మేలన్న వాదన కూడా నిలవదు. 2009లో వచ్చిన టాటా నానోలో 624 సీసీల రెండు సిలిండర్ల ఇంజిన్ బ్యాలెన్స్ షాఫ్ట్ ఉన్నా కరకుగానే నడిచింది. 2015లో మారుతి సెలెరియోలో పెట్టిన 793 సీసీల రెండు సిలిండర్ల డీజిల్ చప్పుడును, వణుకును కొనుగోలుదారులు భరించలేదు, రెండేళ్లకే ఆ రకం ఆగిపోయింది. రెండు పిస్టన్లు కలిసి కదిలితే ఒక చుట్టుకు ఒకసారి వచ్చే పెద్ద కుదుపే మిగిలిపోతుంది, ఎదురెదురుగా కదిలితే మంటల మధ్య ఎడం సమంగా రాదు. అక్కడ కష్టం నిర్మాణంలోనే ఉంది. పై కొసన, మూడు లీటర్ల సామర్థ్యం కావాల్సిన బరువైన కారుకు లీటరు గదులు మూడు పెట్టడం పొరపాటు, ఆరు సిలిండర్లే సరి. లీటరు నుంచి లీటరున్నర మధ్య, అంటే మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటి పరిధిలో, మూడు తన చోట తాను ఉంది.

మిగిలిన ఆ ఒక్క నిజమైన లోపం, ఐడ్లింగ్ వణుకు, హైబ్రిడ్ కార్లలో దాదాపు లేకుండా పోతోంది. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ కార్లలో రెండు పెట్రోలు రకాలున్నాయి. మైల్డ్ హైబ్రిడ్ రకంలో ఉన్నది నాలుగు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజిన్. ఎక్కువ ధరకు అమ్మే స్ట్రాంగ్ హైబ్రిడ్ రకంలో ఉన్నది టొయోటా మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజిన్. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బ్యాటరీలో ఛార్జ్ ఉంటే ఇంజిన్ ఆగిపోతుంది, ఏసీ బ్యాటరీ మీద నడుస్తుంది. కదిలేటప్పుడు మొదటి తోపు ఎలక్ట్రిక్ మోటారుది. సెకనుకు ఇరవై మంటల దగ్గర ఇంజిన్ కూర్చుని వణకాల్సిన ఆ ఘడియ చాలావరకు రానే రాదు. కంపెనీ ప్రకటించిన మైలేజీ నాలుగు సిలిండర్ల మాన్యువల్ రకానికి లీటరుకు 21.11 కిలోమీటర్లు, మూడు సిలిండర్ల హైబ్రిడ్‌కు 27.97.